బోడిపిల్ల గూడబాతు అయ్యేదాకా: ఉప్పలపాడు గట్టు మీద ఫొటోలు

కెమెరా సంగతి తర్వాత. ముందు చేతుల సంగతి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. టిక్కీల్లోంచి (మిర్చి బస్తాల్లోంచి) శాంపిల్ తియ్యడం, తొడిమ చూడడం, రంగు చూడడం, చిట్టా రాయడం, ఇదీ నా దినచర్య. మూడేళ్ళ కింద ఒక ఆదివారం తెల్లవారుజామున ఉప్పలపాడు చెరువుగట్టెక్కి, కెమెరాకి కన్ను ఆనించాను. అంతే, కన్ను మండిపోయింది. ముందు రాత్రి సబ్బుతో మూడుసార్లు తోముకున్న చేతులే. కానీ కన్ను ఆనించే చోట ఉండే ఐకప్ రబ్బరుకి అంతకు ముందెప్పుడో అంటిన ఘాటు అలాగే ఉంది. గట్టు మీద కూర్చుని అరగంట సేపు నీళ్ళు కొట్టుకున్నాను. ఎదురుగా గూట్లో గూడబాతు (పెలికాన్) పిల్ల మొట్టమొదటిసారి రెక్కలు పూర్తిగా చాపిందట. పక్కనున్న కుర్రాడు చెప్పాడు.

మిర్చి ఘాటు నీళ్ళకి పోదు, నూనెకి పోతుంది. ముందు కొబ్బరినూనె పట్టించి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఐకప్‌ని కూడా అలాగే తుడవండి. మా యార్డు వాళ్ళకీ, కోల్డ్ స్టోరేజీల్లో చేసేవాళ్ళకీ మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుండాలి.

ఇక ఫొటోల విషయానికి వస్తాను. మా బావమరిది బొంబాయిలో ఉంటాడు. బైకుల్లా జూలో హంబోల్ట్ పెంగ్విన్లు ఉన్నాయి. 2016లో సియోల్ నుంచి ఎనిమిదింటిని తెచ్చారు. వాటి పిల్లలు ఈకలు మార్చుకునేటప్పుడు ఫొటోలు తియ్యాలని వాడికి పిచ్చి. ‘బావా, మీ గుంటూరులో ఏముంది, కొంగలేగా’ అంటాడు. అవును, కొంగలే. కానీ పిల్లపక్షి నూగు వదిలి పెద్దపక్షి వేషం కట్టడం చూడాలంటే అద్దం వెనక నిలబడక్కర్లేదు. గుంటూరు నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు. ఊరి చెరువులో నీళ్ళ మధ్య సర్కారు తుమ్మచెట్లు, వాటి నిండా గూళ్ళు. గూడబాతులు (పెలికాన్లని బోర్డు మీద రాస్తారు), ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు), వంపు ముక్కు తెల్ల ఐబిస్‌లు, నీటికాకులు, రాత్రి తిరిగే నైట్ హెరాన్ కొంగలు. చూడ్డానికి ఒక టవరుంది. ఊరి మనుషులు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. అందుకే అవి మనుషులకు అంత దగ్గరలో గూళ్ళు పెడతాయి.

ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే ఫొటో తీసే పద్ధతంతా దాని మీదే ఉంది. పెంగ్విన్ ఈకలన్నీ ఒక్కసారే మార్చుకుంటుంది, రెండు మూడు వారాల్లో. పాత ఈకల కింద కొత్తవి తోసుకొస్తాయి, పాతవి గుత్తులు గుత్తులుగా ఊడతాయి. ఆ రోజుల్లో ఒంటికి నీరు ఆగదు కాబట్టి సముద్రంలోకి దిగదు, తిండి ఉండదు, ఒంట్లో కొవ్వు మీదే బతుకుతుంది. అందుకే అప్పుడు దాన్ని బెదరగొట్టి పరిగెత్తిస్తే దాచుకున్న బలం కరిగిపోతుంది. మన పక్షులు ఎగరాలి, అన్నీ ఒకేసారి రాల్చుకుంటే కుదరదు. కొంచెం కొంచెంగా, నెలలూ ఏళ్ళూ పడుతుంది. బొంబాయిలో మా వాడికి ఇరవై రోజుల పని. మనకి కనీసం ఒక సీజను. ఇక్కడ ఒక మంచి ఫొటో తీసి ఇంటికెళ్తే మీ చేతిలో ఉండేది బొమ్మే, కథ కాదు. అదే గూడు, అదే చోటు నుంచి, వారం వారం. ఆ వరసే అసలు ఫొటో.

ముందు ఏం చూడాలో తెలియాలి. గూడబాతు పిల్ల గుడ్డులోంచి బోడిగా వస్తుంది. గులాబీ రంగు చర్మం, అప్పుడే పొదిగిన పిల్లలకుండే వికారమైన అందం. తర్వాత తెల్లటి నూగు కమ్ముతుంది, దూదిపింజెలా. ఆపైన బూడిదా గోధుమా కలిసిన ఈకలొస్తాయి. మూతి మీద పెద్దవాటికుండే నల్లమచ్చలు ఏడాది దాటాక గానీ రావు. పూర్తి పెద్దపక్షి ఈకలు మూడో ఏటికి. అంటే గట్టు మీద ఒక్క ఉదయం నిలబడితే నాలుగు వయసులు ఒకేసారి కనిపిస్తాయి. మూతి మీద మచ్చలు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. మచ్చల్లేకుండా ఎగిరేది చాలావరకు ఈ ఏటి పిల్లే, మహా అయితే నిరుటిది.

ఎర్రకాళ్ళ కొంగల పిల్లలు తెల్ల నూగుతో, బూడిదరంగు ముక్కుతో, నల్లటి మొహంతో ఉంటాయి. తర్వాత మట్టిరంగు తిరుగుతాయి. రొమ్ము మీద పెద్దవాటికుండే నల్లగళ్ళ పట్టీ వీటికి ఉండదు, తోక దగ్గర ఆ గులాబీ ఈకలూ ఉండవు. పెద్దయి గూడు పెట్టడానికి రెండు మూడేళ్ళు. ఐబిస్ పిల్లకి తల మీద ఈకలుంటాయి, పెద్దదానికి నల్లగా బోడితల. మనుషుల్లో మా ఇంటి మగాళ్ళ వరస కూడా ఇదే. నైట్ హెరాన్ పిల్ల గోధుమరంగు, ఒళ్ళంతా తెల్ల చుక్కలు, కన్ను పసుపు. పెద్దదయ్యాక కన్ను ఎర్రనౌతుంది. దానికి సాయంత్రం చివరి వెలుగు చాలు, ఇంతకు మించి దాని గురించి చెప్పను, నేను సరిగ్గా తీసింది రెండే.

ఎప్పుడు వెళ్ళాలి? వానల్ని బట్టి ముందూవెనకా అవుతుంది గానీ, చలికాలం మొదలయ్యేటప్పటికి గూడబాతులు పుల్లలు మోస్తుంటాయి. గుడ్డు పొదగడం నెలరోజులు. పిల్ల గూటి దగ్గరే మూడు నుంచి ఐదు నెలలుంటుంది. కాబట్టి సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా మీ ఆదివారాలు చెరువుకి రాసిచ్చెయ్యండి. సరిగ్గా అప్పుడే యార్డులో సరుకు ముంచెత్తుతుంది. దేవుడు నాకు వారానికి ఒకే రోజు వదిలాడు, అదీ మా ఆవిడ దగ్గర బతిమాలుకుని.

గంట విషయంలో మాత్రం రాజీ లేదు. సూర్యుడు పైకి వచ్చిన మొదటి గంటన్నర. గుంటూరు ఎండ గురించి గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, అది లెన్సుకి ఏం చేస్తుందో చెప్తాను. మార్చిలో తొమ్మిది దాటిందంటే గట్టు మీంచి, నీళ్ళ మీంచి వేడి గాలి లేస్తుంది. దూరంగా ఉన్న గూడు మరుగుతున్న ఎసరు మీంచి చూసినట్టు ఊగుతుంది. ఫోకస్ సరిగ్గానే పడుతుంది, షట్టరూ సరిపోతుంది, అయినా ఫొటో ముద్దగా వస్తుంది. మొదటి ఏడాది నేను లెన్సు పాడయిందనుకుని షాపుకి తీసుకెళ్ళాను. ఆ షాపతను విప్పి, శుభ్రం చేసి, పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. మళ్ళీ ఆదివారం పదింటికి అదే ముద్ద. ఏడింటికి తీసినవి చూస్తే ఈకె ఈకె లెక్కపెట్టొచ్చు. ఎండ తప్పు లెన్సు మీద వెయ్యకండి. వేడి లేచాక దగ్గర గూళ్ళు మాత్రమే తియ్యండి, లేదా ఇడ్లీ తినడానికి వెళ్ళండి.

డిసెంబరు, జనవరి మంచు ఇంకో రకం. ఏసీ గదిలోంచో కారు ఏసీలోంచో కెమెరా తీస్తే అద్దం మీద చెమట పడుతుంది. ముందు రాత్రే సంచీ వరండాలో పెట్టండి.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చిన్న సెన్సార్ బాడీ మీద 70-300 మిల్లీమీటర్ల లెన్సుతో మొదలెట్టాను (అంకె పెరిగేకొద్దీ దూరంది దగ్గరగా కనపడుతుంది), ఇప్పుడు 150-600, అదీ సెకండ్ హ్యాండ్. 300తో కూడా దగ్గర గూళ్ళు బాగా వస్తాయి. ట్రైపాడ్ కంటే నాకు సంచీ ఇష్టం. టవరు మీద పక్కన పిల్లలు గెంతితే ట్రైపాడ్ కాళ్ళకి తెలుస్తుంది. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి, రెండు చివరలు కుట్టి, మధ్యలో కందులు పోశాను. రెండో నెలకి పురుగు పట్టింది. పురుగు లెన్సు సంచీలోకి పాకడం చూసి మా ఆవిడ ‘పప్పు అయినా వండుకునేవాళ్ళం’ అంది. ఇప్పుడు పత్తిగింజలు పోశాను, తేలిగ్గా ఉంది, గోడ మీద పెడితే లెన్సు గుంటలో కుదురుకుంటుంది. నెత్తిన టోపీ, ఒంటి మీద పారేసే చొక్కా. ఎందుకో మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది.

అసలు కష్టం తెలుపు. తెల్ల నూగు, వెనక ముదురాకుపచ్చ తుమ్మ. కెమెరా ఆ చీకటిని చూసి, వెలుగు చాలదనుకుని పెంచుతుంది. నూగంతా సున్నం కొట్టినట్టు పాలిపోతుంది, అందులో ఒక్క పోగూ కనపడదు. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కగట్టిన వెలుగుని మనం పెంచే, తగ్గించే మీట) మైనస్ ముప్పావు నుంచి మైనస్ ఒకటి దాకా దించండి. అదే పిల్ల పైకొమ్మెక్కి వెనక తెల్ల ఆకాశం పడితే వ్యవహారం తలకిందులు, బూడిద ఈకలు మసిబొగ్గవుతాయి. అప్పుడు ప్లస్ ఒకటి. ఈ అటూఇటూ తిప్పడం నాకు చేతకాక, అన్నీ నేనే పెట్టుకునే మాన్యువల్‌కి మారాను. ఎండ స్థిరంగా ఉందంటే పిల్ల వెనక ఏమున్నా పిల్ల మీద పడే వెలుగు మారదు కదా. ఒక తెల్ల పక్షి మీద సరిచూసుకుని అలాగే వదిలెయ్యడమే. పూర్తి ఎండలో తెల్లపక్షికి ఐఎస్‌ఓ (సెన్సార్ వెలుగు పట్టే జోరు) 400, ఎఫ్ (లెన్సు కంత) 8, షట్టర్ 1/2500 సెకను దగ్గర మొదలెట్టండి. తెల్లవారు వెలుగులో ఐఎస్‌ఓ 800 లేదా 1600, ఎఫ్ 6.3, 1/800. తీశాక స్క్రీన్ మీద బొమ్మ చూడకండి, హిస్టోగ్రాం (చీకటి ఎడమకి, వెలుగు కుడికి పేర్చి చూపే గ్రాఫు) చూడండి. కుడి గోడకి ఆనుకుందంటే నూగు పోయినట్టే, ఇంటికెళ్ళాక ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కొంచెం చీకటి పడితే తేవచ్చు.

వెలుగు దిక్కు కూడా వయసుని బట్టి మార్చుకోవాలి. నూగు దశలో పిల్లకి వెనక నుంచి ఎండ పడేట్టు నిలబడితే ఒంటి చుట్టూ వెండి అంచు కట్టినట్టు మెరుస్తుంది. ఈకలు మొలిచే దశకి అది పనికిరాదు. అప్పుడు పక్క వెలుగు కావాలి, ఒక్కో ఈకె నీడ పక్క ఈకె మీద పడాలి. వీపు వెనక సూర్యుణ్ణి పెట్టుకుని తీస్తే రంగులు బాగుంటాయి గానీ ఈకలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునైపోతాయి.

ఈ మధ్య దశ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ వదిలేసేది ఇదే. నేనూ వదిలేశాను. మొదటి ఏడాది దూదిపింజె పిల్లల్ని తీశాను, తర్వాత రెక్కలొచ్చినవాటిని తీశాను, మధ్యలో పురుగుపట్టిన కంబళిలా ఉన్నవాటిని ‘ఛీ, ఏం బాగాలేదు’ అని అక్కడికక్కడే డిలీట్ కొట్టాను. ఏప్రిల్లో అన్నీ వరసగా పేర్చబోతే మధ్యలో ఆరు వారాలు ఖాళీ. ఇష్టమైనవే దాచుకుంటే ఏమౌతుందో అప్పుడు తెలిసింది.

మరుసటేడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం, 600 దగ్గర, ఒకే పిల్ల మీద గంట ఉన్నాను. రెక్క అంచున ముదురు పుల్లలు (ఇంకా విచ్చుకోని ఈకలు) వరసగా మొలిచి ఉన్నాయి. ఒక్కో పుల్లా తొడుగులో ఉన్న పెయింటు బ్రష్షులా ఉంది. తొడుగు చివర చిట్లి, అక్కడ బూడిదరంగు ఈకె కొస పావంగుళం బయటికి వచ్చింది. ఆ కొసకి పాత నూగు ఇంకా అంటుకుని వేలాడుతోంది, కొత్త చొక్కాకి ధర చీటీ ఉన్నట్టు. పిల్ల మెడ వెనక్కి వంచి, ఆ పొడుగాటి ముక్కుతో ఒక్కో పుల్లా మొదట్నించి చివరికి దువ్వుతోంది. నూగు ఊడి ముక్కు కొసకి అంటుకుంది. విదిలించింది, పోలేదు. మళ్ళీ విదిలించింది. ఆ రెండో విదిలింపులో తీసిన ఫొటోనే మా కొట్లో గోడ మీద ఉంది. 1/1000కి తీశాను, తల కొంచెం కదిలింది, నూగు మాత్రం గాల్లో నిలిచిపోయింది.

ఇలాంటిది దొరకాలంటే తిండి వేళ పట్టుకోండి. తల్లి వచ్చినప్పుడు పిల్ల తలంతా దాని గొంతు సంచిలో దూర్చి తింటుంది, అప్పుడు ఈకలేవీ కనపడవు. తిన్న తర్వాత, కాస్త ఎండ తగిలాక, దువ్వుకోవడం మొదలెడుతుంది. అప్పుడు సిద్ధంగా ఉండండి. ఫోకస్ కంటి మీద పెట్టండి, ముక్కు మీద కాదు. గూడబాతు ముక్కు ఎంత పొడుగంటే, ఎదురుగా చూస్తున్నప్పుడు ముక్కు కొసకి ఫోకస్ పడితే కన్ను మసకైపోతుంది. పక్కకి తిరిగేదాకా ఆగితే కన్నూ ముక్కూ ఒకే దూరంలో ఉంటాయి. రెక్కలు కొట్టుకోవడం ప్రాక్టీసు చేసే వయసొస్తే మాత్రం 1/2000కి తగ్గకండి, చుట్టూ ఖాళీ వదలండి. రెక్క అంత పొడుగుందని పిల్లకే తెలియదు, మనకేం తెలుస్తుంది.

ఎర్రకాళ్ళ కొంగల దగ్గర ఒక అవకాశం ఉంది. ఎండ ముదిరాక తల్లి రెక్కలు అరవిచ్చి పిల్లలకి నీడ పడుతుంది. పెద్ద వేషం, చిన్న వేషం ఒకే ఫ్రేములో. కానీ అది జరిగేది వేడి గాలి లేచే వేళకే. కాబట్టి ఈ ఒక్క ఫొటో కోసం సీజను మొదట్లోనే గట్టుకి బాగా దగ్గరున్న కొంగ గూడు ఒకటి గుర్తుపెట్టుకోండి.

వారం వారం పద్ధతి ఇది. ఒకటి కాదు, మూడు గూళ్ళు ఎంచుకోండి. ఒకటి గాలికి పోతుంది, ఒకదాంట్లో పిల్ల దక్కదు. నేను పాత చిట్టా పుస్తకంలో చెట్టు బొమ్మ గీసి గూళ్ళకి పేర్లు పెడతాను: వంకరకొమ్మ గూడు, మేడమీద గూడు, కోడలు గూడు (ఎప్పుడూ పక్కగూటితో పేచీ). నిలబడే చోటు మారకూడదు. నాది గట్టు మీద కరెంటు స్తంభం పక్కన, ఎడమకాలు స్తంభానికి ఆనాలి. వెళ్ళగానే ముందు 300 దగ్గర గూడంతా వచ్చేట్టు ఒక ఫ్రేము, తర్వాతే జూమ్. ఎంత మంచిది ఎదురుగా జరుగుతున్నా ఈ క్రమం తప్పకండి. చివర్లో పక్కపక్కన పేరిస్తే చెట్టు కదలదు, పిల్ల మాత్రం పెరుగుతుంది. పిల్లలు గూడు దిగి కొమ్మల మీద నడవడం మొదలెట్టాక ఏది ఎవరిదో తెలియదు. అప్పుడు శీర్షికలో ‘అదే పిల్ల’ అని రాయకండి, ‘అదే గూడు దగ్గర’ అని రాయండి.

గట్టు దిగకండి. నీళ్ళలోకి దిగి దగ్గరికెళ్తే తల్లులు లేస్తాయి, నీడ పోయి ఎండకి నూగుపిల్లలు మాడతాయి, కంగారులో ఈకలు రాని పిల్ల నీళ్ళలో పడుతుంది. డ్రోన్ వద్దు. చప్పట్లు కొట్టి లేపే మహానుభావులు ఉంటారు, వాళ్ళకి చెప్పండి: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూడు కదపడమంటే వేట కిందే లెక్క. చట్టం పేరెత్తితే వినకపోయినా, ఊళ్ళో పెద్దావిడ ఎవరైనా ‘ఎవుర్రా అది’ అని కేకేస్తే వింటారు. పక్షులు మెడలు సాచి ఒకేవైపు చూస్తున్నాయంటే వాటికి మీరు నచ్చలేదని అర్థం. రెండడుగులు వెనక్కి వెయ్యండి.

టీ కొట్టు ఆవిడకి నా పిచ్చి బాగా తెలుసు. ‘ఏం బాబూ, ఇయ్యాల కూడా ఆ బోడిపిల్లేనా? ఇంతింత అందమైనయ్యి ఉంటే’ అంటుంది. ‘బోడిది కాదమ్మా ఇప్పుడు, ఈకలొచ్చినయ్యి’ అంటే కెమెరా లాక్కుని స్క్రీన్‌లో చూసి, ‘ఇంకా సరిగ్గా రాలే’ అంటుంది. వారం తేడా నాకంటే ఆవిడే ముందు పట్టేస్తుంది.

మా బావమరిదికి అద్దం వెనక పని కాబట్టి రెండు ముక్కలు: లెన్స్ హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టం) అద్దానికి ఆనించాలి, నల్లగుడ్డ చుట్టూ కప్పాలి, ఫ్లాష్ ఆపాలి. ఇక పెంగ్విన్ అయినా సగం ఊడినప్పుడే తియ్యమన్నాను. పోయిన సారి పంపిన ఫొటోలో రొమ్ము మీద నల్లపట్టీ అప్పుడే వస్తోంది, వీపు మీద పాత ఈకలు చింపిరిగా ఉన్నాయి. ‘ఇది పంపాలా వద్దా అనుకున్నా బావా’ అని రాశాడు.

నా దగ్గర ఇప్పుడొక ఫోల్డరుంది. మొన్న డిసెంబరులో తీసిన గూడబాతు, మూతి మీద మచ్చలు అప్పుడే మొదలవుతున్నాయి, ఎడమవైపు నాలుగు, సరిగ్గా కనపడనిది ఒకటి. వంకరకొమ్మ మీదే కూర్చుంది. అది నా గూటి పిల్లేనని చెప్పలేను. ఫోల్డరుకి ‘వంకరకొమ్మ, ఎవరో’ అని పేరు పెట్టాను.